కథను సగంలో ఆపిన చిత్రకారుడు: రాజా రవివర్మ

స్వర్ణోత్సవ సంచికకు ఒక మహనీయుడి జీవితం గురించి రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. దేశనాయకుల గురించి, శాస్త్రవేత్తల గురించి రాసేవాళ్లు మన పూర్వ విద్యార్థుల్లో చాలామంది ఉన్నారు. ఈ బడిలో చదువుకుని, తర్వాత 30 ఏళ్లకు పైగా వేరే ఊళ్లలో డ్రాయింగు మాస్టారుగా పనిచేసినవాణ్ణి కాబట్టి నాకు చేతనైన సంగతి బొమ్మల సంగతే. అందుకే రాజా రవివర్మను ఎంచుకున్నాను.

ఆయన పేరు వినని ఇంట్లో కూడా ఆయన బొమ్మ ఉంటుంది. తామరపువ్వు మీద నిలబడిన లక్ష్మీదేవి, పక్కన ఏనుగు. రాతి మీద కూర్చుని వీణ వాయించే సరస్వతి, దగ్గర్లో నెమలి. దేవుడి గదిలోనో, కొట్టు గల్లాపెట్టె పైనో, పాత క్యాలెండరులోనో మనం చూసిన ఈ రూపాలకు మూలం చాలావరకు ఆయన కుంచె. అయితే ఆయన దేవతల బొమ్మల కంటే కథల బొమ్మలే నన్ను ఎక్కువగా పట్టి ఉంచాయి. మాట లేని బొమ్మ కథ ఎలా చెబుతుంది? చూసేవాణ్ణి ఎలా నిలబెడుతుంది? నా ఉద్యోగమంతా ఈ రెండు ప్రశ్నలతోనే గడిచింది. రవివర్మ జీవితం కూడా ఒక రకంగా వీటికి సమాధానమే.

కిళిమానూరు కుర్రాడు

రవివర్మ 1848 ఏప్రిల్ 29న తిరువాన్కూరు సంస్థానంలోని కిళిమానూరులో పుట్టాడు. తల్లి ఉమయాంబ, తండ్రి నీలకంఠన్ భట్టతిరిపాడు. చిన్నతనంలో కనబడిన గోడ మీదల్లా బొగ్గుతో బొమ్మలు గీసేవాడని చెబుతారు. అలాంటి పిల్లవాడికి మామూలుగా దక్కేది చీవాట్లే. కానీ ఆ ఇంట్లో మేనమామ రాజరాజవర్మ ఉన్నాడు. ఆయన తంజావూరు పద్ధతిలో బొమ్మలు వేసేవాడు. గోడ పాడైందని కాక, గీత కుదిరిందని చూసిన మనిషి ఆయన. తొలి పాఠాలు ఆయనే చెప్పాడు.

పద్నాలుగో ఏట కుర్రవాణ్ణి తిరువనంతపురం తీసుకువెళ్లి ఆయిల్యం తిరునాళ్ మహారాజుకు చూపించారు. మహారాజు ఆదరించి అక్కడే ఉండి నేర్చుకోమన్నాడు. తైలవర్ణాలు మన దేశానికి అప్పటికి కొత్త. వాటి మర్మం తెలిసిన ఆస్థాన చిత్రకారుడు రామస్వామి నాయుడు. ఈ కుర్రవాడు తనకు పోటీ అవుతాడనుకున్నాడో ఏమో, ఆయన నేర్పలేదు. 1868లో థియోడర్ జెన్సన్ అనే ఐరోపా చిత్రకారుడు రాజకుటుంబం చిత్రాలు వేయడానికి వచ్చాడు. అతనూ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పలేదు. పని చేస్తుండగా చూడనిచ్చాడు, అంతే. రవివర్మ ఆ చూపుతోనే నేర్చుకున్నాడు. పగలు చూసినదాన్ని తర్వాత తన గుడ్డ మీద వేసి చూసుకోవడం, చెడిపోతే మళ్లీ వేయడం.

ఉపాధ్యాయులు చదివే సంచిక కాబట్టి ఇక్కడ ఒక మాట చెప్పాలి. విద్య దాచుకున్న గురువు పేరు ఈ రోజు ఎవరికైనా తెలిసిందంటే, తాను నేర్పని శిష్యుడి జీవితకథలోనే తెలిసింది.

తైలవర్ణం గురించి ఎందుకింత చెబుతున్నానంటే, రవివర్మ కథ చెప్పే తీరంతా దాని మీద నిలబడింది. నీటిరంగు త్వరగా ఆరిపోతుంది. నూనెరంగు రోజుల తరబడి తడిగా ఉంటుంది. ఒక రంగును పక్క రంగులోకి మెల్లగా కలపవచ్చు, వెలుగును నీడలోకి జార్చవచ్చు. అందువల్ల పట్టుచీర మడత, ముత్యం మీది మెరుపు, కంటి కొనలోని తడి నిజంగా ఉన్నట్టే కనబడతాయి. ఒంటికి బరువు వస్తుంది. అంతవరకు మన గోడల మీదా పటాల మీదా ఉన్న దేవతలు ఎదురుగా చూస్తూ కూర్చునేవారు. మనం దణ్ణం పెట్టేవాళ్లం. ఇప్పుడు వాళ్లు నేల మీద నిలబడ్డారు, పక్కకు తిరిగారు, ఎవరి కోసమో ఎదురుచూశారు.

పేరు, ప్రతిష్ఠ

1866లో మావేలిక్కర రాజకుటుంబానికి చెందిన భాగీరథితో ఆయనకు పెళ్లయింది. 1870లో మూకాంబిక క్షేత్రానికి వెళ్లి దీక్ష చేసి వచ్చాడు. ఆ ఏడాదే కాలికట్టులో కిళక్కె పాలాట్టు కృష్ణమేనోన్ అనే సబ్ జడ్జి కుటుంబ చిత్రం వేశాడు. డబ్బు తీసుకుని వేసిన మొదటి చిత్రం అదేనంటారు. రాజకుటుంబాలకు దగ్గరి మనిషి బొమ్మలు వేసి కూలి తీసుకోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. రవివర్మ దాన్ని వృత్తిగా పెట్టుకున్నాడు.

1873లో జడలో పువ్వులు తురుముకుంటున్న నాయరు స్త్రీ చిత్రానికి మద్రాసు ప్రదర్శనలో బంగారు పతకం, వియన్నా ప్రదర్శనలో బహుమతి వచ్చాయి. 1876లో తామరాకు మీద ప్రేమలేఖ రాస్తున్న శకుంతలను మద్రాసు ప్రదర్శనకు పంపాడు. గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు దాన్ని కొనుక్కున్నాడు. శాకుంతలాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన మోనియర్ విలియమ్స్ తన పుస్తకానికి ఆ చిత్రాన్నే ముఖచిత్రంగా వాడుకున్నాడు.

తిరువాన్కూరులోనూ తర్వాత బరోడాలోనూ దివానుగా పనిచేసిన టి. మాధవరావు ఆయనను ఉత్తరానికి పరిచయం చేశాడు. 1881లో మూడో శాయాజీరావు గాయక్వాడ్ పట్టాభిషేక సమయానికి రవివర్మ, తమ్ముడు సి. రాజరాజవర్మ బరోడా వెళ్లారు. కొన్నేళ్ల తర్వాత గాయక్వాడ్ పురాణగాథలతో 14 చిత్రాలు వేయమని అడిగాడు. అన్నదమ్ములిద్దరూ ఉత్తర భారతమంతా తిరిగారు. సీత ఏ బట్ట కట్టుకుని ఉంటుంది, ద్రౌపది ఏ నగ పెట్టుకుని ఉంటుంది అని వెతికారు. దేశమంతా ఒకే కట్టూబొట్టూ ఎక్కడా కనబడలేదు. చివరికి రవివర్మ చాలా చిత్రాల్లో చీరనే ఎంచుకున్నాడు. పురాణస్త్రీ అంటే చీర కట్టుకున్న స్త్రీ అని ఈ రోజు మనకు అనిపిస్తోందంటే ఆ ఎంపిక ఒక పెద్ద కారణం. ఆ 14 చిత్రాలను ప్రదర్శనకు పెట్టినప్పుడు జనం తండోపతండాలుగా వచ్చి చూశారు. చదువు రానివాళ్లకు కూడా ఆ బొమ్మల్లో ఎవరు ఎవరో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

బొమ్మలో లేని మనిషి

ఇక నా తరగతి గదిలోకి వస్తాను. తొమ్మిదో తరగతి పిల్లల ముందు రవివర్మ చిత్రం అచ్చు ఒకటి తగిలించి మూడు ప్రశ్నలు అడిగేవాణ్ణి. ఈమె ఎటు చూస్తోంది? దీనికి ముందు నిమిషంలో ఏం జరిగింది? తర్వాతి నిమిషంలో ఏం జరుగుతుంది? ఈ మూడే. పీరియడు 40 నిమిషాలు చాలేవి కావు.

కథ చెప్పేవాడికి కాలం చేతిలో ఉంటుంది. మొదలుపెట్టి చివరిదాకా నడిపిస్తాడు. చిత్రకారుడికి ఉన్నది ఒక్క క్షణం. ఆ క్షణం ఏదో ఎంచుకోవడంలోనే అతని తెలివి అంతా ఉంటుంది. ఫలితం తెలిసిపోయిన క్షణం వేస్తే చూసేవాడికి పనేమీ మిగలదు. ఫలితానికి కాస్త ముందు ఆగితే మిగతా కథ చూసేవాడి చేతిలోకి వస్తుంది.

1898లో వేసిన శకుంతల చిత్రం చూడండి. చెలికత్తె భుజం మీద ఒక చెయ్యి వేసి, కాలు వెనక్కి ఎత్తి, ముల్లు తీసుకుంటున్నట్టు నిలబడింది. ముఖం మాత్రం వెనక్కి తిరిగి ఉంది. ముల్లు లేదని పిల్లలకు ఇట్టే తెలిసిపోయేది. ముల్లు గుచ్చుకున్నవాళ్లు ముల్లు వంక చూస్తారు గాని వెనక్కి చూడరు. అయితే వెనక ఎవరున్నారు? దుష్యంతుడు. ఆయన బొమ్మలో లేడు. పటం చట్రానికి అవతల, దాదాపు మనం నిలబడిన వైపున ఉన్నాడు. ఒక్క చూపుతో రవివర్మ చట్రం బయట కూడా బొమ్మ వేశాడు.

1899 నాటి హంస దమయంతిలోనూ అదే పని చేశాడు. ఎర్రచీర కట్టుకున్న దమయంతి, రాతి పిట్టగోడ మీద హంస. హంస ఏదో చెబుతోంది, ఆమె వింటోంది. వినబడేది నలుడి గురించి. నలుడు బొమ్మలో లేడు. ఆమె ముఖంలో ఉన్నాడు. శ్రీనాథుడి శృంగారనైషధం చదివిన మన తెలుగువాళ్లకు హంస ఏం చెబుతోందో తెలుసు. చదవనివాళ్లకు ఆ పక్షి ఏదో ఇష్టమైన కబురు తెచ్చిందని తెలుస్తుంది. ఇద్దరూ బొమ్మ ముందు ఆగుతారు. ఒకరు గుర్తు చేసుకుంటూ, ఒకరు ఊహించుకుంటూ.

పురాణం లేకపోయినా ఇది సాధ్యమే. 1893లో తన కూతురు మహాప్రభను, ఆమె బిడ్డను కూర్చి వేసిన చిత్రం ఉంది. అదుగో నాన్న వస్తున్నాడు అని దాని పేరుకు అర్థం. తల్లి చంకలో బిడ్డ, కాళ్ల దగ్గర కుక్క, చూపులు పక్కకు. వచ్చే నాన్న మనకు కనబడడు. మాతృవంశ పద్ధతి నడిచిన ఆ కుటుంబాల్లో భర్త అప్పుడప్పుడూ వచ్చి పోయే మనిషి అని తెలిశాక ఈ బొమ్మ ఇంకొంచెం లోతుగా కనబడుతుంది. తెలియకపోయినా, సెలవులకు నాన్న ఎప్పుడొస్తాడా అని చూసే హాస్టలు పిల్లలకు దాని అర్థం నేను చెప్పాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు.

ఇందుకు పూర్తిగా భిన్నమైనది జటాయు వధ. ఇక్కడ క్షణం ముందే ఆగలేదు. కత్తి పడింది, రెక్క తెగింది. అయినా మనం కదలలేం. కారణం సీత. ఆమె ఆ దృశ్యం చూడలేక ముఖం కప్పుకుంది. ఆమె చూడలేనిది మనం చూస్తున్నాం. చూసే పాపం మన మీద పెట్టాడు చిత్రకారుడు. ఈ బొమ్మ చూపించిన రోజు తరగతి అల్లరి కాస్త తగ్గేది.

రాతి మీద అచ్చు

రవివర్మ రాజుల గోడల మీదే ఆగిపోయి ఉంటే ఆయన కథ చిత్రకళ చదివేవాళ్లకే మిగిలేది. ఈ చిత్రాలను రంగుల్లో అచ్చు వేయిస్తే అందరికీ అందుతాయని మాధవరావు ఏనాడో సూచించాడు. 1894లో రవివర్మ బొంబాయిలో సొంత ముద్రణాలయం పెట్టాడు. యంత్రాలు, పనివాళ్లు జర్మనీ నుంచి వచ్చారు. బొమ్మలోని ఒక్కో రంగుకు ఒక్కో రాయి సిద్ధం చేసి, ఒకే కాగితాన్ని ఒకదాని తర్వాత ఒకటిగా అన్ని రాళ్ల మీదా అచ్చు వేయాలి. ఒక్క రాయి వెంట్రుకవాసి జరిగినా ముఖం చెడుతుంది. మొదట అచ్చయినది శకుంతల జననం. మేనక బిడ్డను అందిస్తుంటే విశ్వామిత్రుడు ముఖం తిప్పుకునే చిత్రం అది.

వ్యాపారంగా ఆ ప్రెస్సు ఆయనకు కలిసిరాలేదు. బొంబాయిలో ప్లేగు వచ్చింది, అప్పులు పెరిగాయి. 1899లో లోనావాలా దగ్గరి మళవలికి మార్చినా కుదుటపడలేదు. చివరికి తన దగ్గర పనిచేసిన ఫ్రిట్జ్ ష్లైషర్ అనే జర్మను నిపుణుడికి అమ్మేశాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ప్రెస్సు నడిచింది. 1972లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది.

డబ్బు లెక్క అది. జనం లెక్క వేరు. తిరువాన్కూరులో ఆలయ ప్రవేశ ప్రకటన వచ్చినది 1936లో. అంటే రవివర్మ బొమ్మలు అచ్చయిన కాలంలో దేశంలో ఎందరికో గుడి గడప దాటే వీలు లేదు. గుడిలో దేవుణ్ణి చూడనివ్వని మనిషి కొద్దిపాటి డబ్బుతో ఒక పటం కొనుక్కుని ఇంట్లో గోడకు తగిలించుకున్నాడు. పూజారి అడ్డం లేడు, గడప లేదు. కొందరు ఆ పటాల మీద జరీ ముక్కలు, పూసలు అంటించి దేవతకు నిజంగానే చీర కట్టారు. చూడడంతో ఊరుకోక బొమ్మలో చెయ్యి పెట్టారన్నమాట. చిత్రం చూసేవాణ్ణి కలుపుకుంటుందనడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఆ ముద్రణ పని నేర్చుకున్నవాళ్లలో ఒకాయన దాదాసాహెబ్ ఫాల్కే. 1913లో రాజా హరిశ్చంద్ర తీసి కదిలే బొమ్మల కథను మన దేశంలో మొదలుపెట్టినది ఆయనే. మన పౌరాణిక సినిమాల్లో దేవతలు నిలబడే తీరు, వెనక తెర, నగలు చూసినప్పుడు నాకు రవివర్మ గుర్తుకు రాకుండా ఉండడు.

విమర్శ, ఒక అమ్మాయి ప్రశ్న

1904లో ప్రభుత్వం ఆయనకు కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1905 మొదట్లో తమ్ముడు రాజరాజవర్మ చనిపోయాడు. అన్న చిత్రాల్లో వెనకటి కొండలు, చెట్లు, ఆకాశం చాలావరకు తమ్ముడి చేతివే. లెక్కలు చూసినది, ప్రయాణాల దినచర్య రాసినది కూడా అతనే. కుడిచెయ్యి పోయినట్టయింది. అప్పటికే మధుమేహంతో బాధపడుతున్నా మైసూరు మహారాజు కోరిన 9 చిత్రాల పని సాగించాడు. 1906 అక్టోబరు 2న, 58 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

తర్వాత గాలి మారింది. సోదరి నివేదిత, ఆనంద కుమారస్వామి, అవనీంద్రనాథ్ టాగూరు వంటివారు ఈ చిత్రాలు పాశ్చాత్యుల అనుకరణ అనీ, నాటకంలో వేషాల్లా ఉన్నాయనీ, మన కళ ఆత్మ అజంతాలో వెతుక్కోవాలనీ అన్నారు. ఆ గాలిలోనే మన రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు తెలుగువాళ్లదైన చిత్రకళ కోసం తపించి, 1925లో ఇరవై ఎనిమిదేళ్లైనా నిండకుండా వెళ్లిపోయాడు. ఆ విమర్శలో నిజం లేదనను. రవివర్మ మనుషులు కొన్నిచోట్ల రంగస్థలం మీద నిలబడినట్టే ఉంటారు. కానీ పనిముట్టు ఎక్కడిదన్నది ఒక్కటే ప్రశ్న కాదు. ఆ పనిముట్టుతో ఎవరి కథ, ఎవరికి చెప్పాడన్నది కూడా చూడాలి.

నాకు తెలిసిన అసలైన విమర్శ ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి చేసింది. నాలుగైదు చిత్రాలు చూసి లేచి నిలబడి, వీళ్లందరూ తెల్లగానే ఎందుకున్నారు మాస్టారూ అని అడిగింది. మా తరగతిలో సగం మంది నల్లనివాళ్లమే. ఆ అమ్మాయీ అంతే. ద్రౌపదికి కృష్ణ అని పేరు, ఆమె నలుపు కాబట్టే ఆ పేరు వచ్చిందని నేను చెప్పాను. మరి బొమ్మలో అలా లేదే అంది. పెద్ద పెద్ద పండితులు అడగవలసిన ప్రశ్న అది. నువ్వు వెయ్యి, చూద్దాం అన్నాను. వారం తర్వాత దమయంతిని వేసి తెచ్చింది. ఒంటి రంగు వాళ్ల అమ్మది, చీర నీరుకావి. హంసను ఎన్నడూ చూడలేదు కాబట్టి పక్కన చెరువు బాతును వేసింది. దమయంతి బాతు మాట శ్రద్ధగా వింటోంది. దాన్ని తరగతి గోడకు అంటించాం.

రవివర్మ పట్ల నా గౌరవం ఆ రోజు తగ్గలేదు. ఆయన బొమ్మ ఆ అమ్మాయిని నిలబెట్టింది, అడిగించింది, గీయించింది. చూసినవాణ్ణి ఊరికే మెచ్చుకుని వెళ్లనివ్వని బొమ్మే బతికున్న బొమ్మ.

మన బడికి ఒక మాట

1979లో భారత ప్రభుత్వం రవివర్మ చిత్రాలను జాతీయ కళాసంపదగా ప్రకటించింది. అవి దేశం దాటి పోకూడదు. మంచిదే. కానీ మూలచిత్రాలు దేశంలో ఉండి, వాటిని చదివే కళ్లు బడిలో తయారు కాకపోతే కాపాడింది ఏమిటి? డ్రాయింగు పీరియడును లెక్కలకో, పరీక్షల పునశ్చరణకో ఇచ్చేయడం ఈ మధ్య చాలా చోట్ల మామూలైపోయింది. డ్రాయింగు మాస్టారు రిటైరైతే ఆ కుర్చీ ఖాళీగానే ఉండిపోతోంది. ఈ కాలపు పిల్లలు మేం చూసినదానికి వందరెట్లు బొమ్మలు చూస్తున్నారు, ఫోనులో వేలితో పైకి తోసేస్తూ. ఒక్కదాని ముందు ఆగడం ఎవరు నేర్పాలి?

పూర్వ విద్యార్థుల సంఘం భవనాలకు, కంప్యూటర్లకు ఇస్తున్న విరాళాల్లో చిన్న భాగం తీసి, ఒక పదిహేను మంచి చిత్రాల పెద్ద అచ్చులు వసారాలో పిల్లల కంటి ఎత్తున తగిలిస్తే బాగుంటుంది. రవివర్మవి కొన్ని, దామెర్లవి కొన్ని, అజంతావి కొన్ని. కింద వివరణలు రాయవద్దు. నేను అడిగే మూడు ప్రశ్నలు రాస్తే చాలు. డ్రాయింగు మాస్టారు ఉద్యోగం భర్తీ అయ్యేదాకా వారానికి రెండు పీరియడ్లు తీసుకోవడానికి నేను సిద్ధం. జీతం అక్కర్లేదు. సుద్దముక్కలు, పిల్లలకు కాగితాలు, వీలైతే రంగులు ఇప్పించండి చాలు.